ప్లాసా దె మాయో

ప్లాసా దె మాయో (స్పానిష్ భాషలో 'మే చత్వరం') అర్జెంటీనా రాజధాని బ్యూనోస్ ఏర్స్ నడిబొడ్డున ఉన్న చత్వరం, అనగా చుట్టూ భవనాలు గల విశాలమైన బహిరంగ స్థలం. 1580లో హువాన్ దె గరాయ్ నగరాన్ని రెండవసారి స్థాపించినప్పుడు, స్పెయిన్ వలస నగరాల పద్ధతి ననుసరించి మధ్యలో ఖాళీ స్థలం విడిచి, దాని అంచున కోటకూ, ప్రధాన చర్చికీ, కబిల్దో అనే నగరసభకూ చోటిచ్చినందువల్ల, పాలకులూ ప్రజలూ ఎదురుపడే తావు నగరంతోపాటే పుట్టింది.

1803లో కట్టిన రెకోవా అనే కమానుల అంగళ్ల వరుస ఈ స్థలాన్ని రెండుగా విడదీసింది. 1810 మే 25న ఇక్కడ చేరిన పౌరుల ఒత్తిడి నడుమ, స్పెయిన్ రాజప్రతినిధి స్థానంలో తొలి స్థానిక పాలకమండలి ఏర్పడింది. చత్వరం పేరులోని 'మే' ఆ నెలే. మరుసటి ఏడు ఆ ఘటన స్మారకంగా మే పిరమిడ్‌ను నిలిపారు. 1884లో రెకోవాను కూల్చివేయడంతో రెండు భాగాలూ తిరిగి ఒకటయ్యాయి. కోట ఉండిన చోట నేడు కాసా రొసాదా, అంటే గులాబీరంగు అధ్యక్ష భవనం, ఉంది.

1945 అక్టోబరు 17న నిర్బంధంలో ఉన్న, తరువాత దేశాధ్యక్షుడైన హువాన్ పెరోన్‌ను విడుదల చేయాలని కోరుతూ శివారు కార్మికులు చత్వరాన్ని నింపగా, ఆ రాత్రే ఆయన అధ్యక్ష భవనపు వసారా నుండి వారితో మాట్లాడాడు. పదేళ్లకు, 1955 జూన్ 16న, ఆయనను కూలదోయగోరిన సైనికుల విమానాలు ఇదే స్థలంపై బాంబులు వేసి 300 మందికి పైగా ప్రాణాలు తీశాయి.

1976లో అధికారం చేజిక్కించుకున్న సైనిక ప్రభుత్వం వేలాది మందిని అపహరించి, వారి జాడ తెలియకుండా చేసింది. బిడ్డల ఆచూకీ అడుగుతూ 1977 ఏప్రిల్ 30న 14 మంది తల్లులు ఇక్కడికి వచ్చారు. అది శనివారం, చత్వరం దాదాపు నిర్మానుష్యం. అందుచేత తరువాత జనసంచారం ఉండే గురువారానికి మార్చుకున్నారు. అత్యవసర స్థితిలో గుంపుగా నిలవడం నిషిద్ధమనీ, కదిలి పొమ్మనీ పోలీసులు ఆజ్ఞాపించగా, వారు జంటలుగా చేయీచేయీ పట్టుకొని పిరమిడ్ చుట్టూ నడవసాగారు. చెదరగొట్టడానికి ఇచ్చిన ఆజ్ఞనే నిరసనకు రూపంగా మలచుకొన్న ఆ ధైర్యం ఈ చత్వర చరిత్రలో అన్నిటికన్నా గొప్పది. పసిపిల్లలకు కట్టే తెల్లని గుడ్డను తలకు చుట్టుకోవడం వారి గుర్తయింది. ఆ తలగుడ్డల బొమ్మలను తరువాత పిరమిడ్ చుట్టూ నేలపై చిత్రించారు.

వారిని కూడగట్టిన అసుసేనా విల్యాఫ్లోర్‌ను 1977 డిసెంబరులో అపహరించి, విమానం నుండి సముద్రంలోకి విసిరివేశారు. ఒడ్డుకు కొట్టుకువచ్చి, పేరులేని సమాధిలో ఉండిపోయిన ఆమె అవశేషాలను 2005లో గుర్తించగా, చితాభస్మాన్ని ఆమె నడిచిన పిరమిడ్ పాదం వద్దనే నిక్షిప్తం చేశారు.