వీథిబడియందలి కడపటి బాలుఁడు

క్రీ. శ. 1822 వ సంవత్సరమున మద్రాసు గవర్నరగు సర్ తామస్ మన్రో, తన యేలుబడిలోని మండలములయందు బడు లెన్ని గలవు, చదువుకొను పిల్ల లెంద ఱున్నారు, వా రేయే కులములవారు, ఏయే గ్రంథములు చదువుచున్నారు అను విషయములను విచారించి తెలుపవలసినదిగాఁ గలెక్టరుల కుత్తరువు చేసెను. ప్రత్యుత్తరములలో బళ్ళారి కలెక్టరగు ఏ. డి. కాంబెల్ 1823 వ సంవత్సరము ఆగస్టు 17 వ తేదిని వ్రాసిన నివేదిక మిక్కిలి విపులమైనది. ఈతఁడు 1816 లోఁ దెలుఁగు వ్యాకరణమును, 1821 లో నిఘంటువును బ్రకటించిన విద్వాంసుఁడు. నేఁటి యనంతపురమండలము నాఁడు బళ్ళారిలోని భాగమే. 1882 లో నది వేఱుపడినది. కావున నీ నివేదిక యాంధ్రదేశచరిత్రకును బ్రధానసాధనము.

ఐదవయేఁట బాలునిఁ బడిలో వేయుట, విఘ్నేశ్వరపూజ యొనర్చి బియ్యములో వ్రేలితో నక్షరములు దిద్దించుట, పిమ్మట నిసుకలో వ్రాయించుట మొదలగు నాచారములను కాంబెల్ వర్ణించినాఁడు. ప్రొద్దున నాఱుగంటలకు బడి ప్రారంభమగును. మొదట వచ్చిన బాలుని యఱచేత సరస్వతి పేరు వ్రాయుదురు, ఇది గౌరవచిహ్నము. రెండవవాని చేత సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, నిందయు లేదు. మూఁడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాలవవానికి రెండు. తరువాత వచ్చిన ప్రతివానికి నొక్కొక్కటి యధికము. ఇట్లు బడి ముందువానిని వేల్పుపేర మన్నించి, వెనుకవానిని దెబ్బలతో నెదుర్కొనెను.

అయినను ఆ బడిలోనే మఱియొక పద్ధతి కలదు. పిల్లలను తరగతులుగా విభజించి, క్రిందితరగతులకుఁ బైతరగతుల బాలురచేఁ జెప్పించి, ఉపాధ్యాయుఁడు పైవారికిఁ దానే చెప్పుచు నందఱిపైనను దృష్టి నిలుపును. తెలిసినవాఁడు తెలియనివానికిఁ జెప్పి తన తెలివిని దృఢపఱచుకొనును. ముందుండుట యిచట గౌరవము మాత్రమే కాదు, బాధ్యతయు నైనది. ఈ పద్ధతిని కాంబెల్ ప్రశంసించి, ఇంగ్లండు దీని ననుకరించుట తగియే యున్నదనెను. మద్రాసు ఎగ్మూరులోని యనాథబాలుర శాలలో ఆండ్రూ బెల్ బాలురచే బాలురకుఁ జదువు చెప్పించి, 1797 లో లండనునఁ దత్ప్రయోగవృత్తాంతమును బ్రకటించియుండెను.

ఇది బడిలో నున్నవారి మాట. బడికి రానివారి మాట వేఱు. మండలజనసంఖ్య 9,27,857, బడులు 533, పిల్లలు 6,641. అనఁగా బడి కించుమించు పండ్రెండుగురు, వేయిమందికి నేడుగురు. హిందూబాలికలు 60 మంది మాత్రమే. బ్రాహ్మణబాలురు 1,185 మంది కాఁగా శూద్రబాలురు 2,998 మంది. కావున బడి యొక్క కులముసొత్తు గాదు. లోపమునకు మూలము దారిద్ర్యమని కాంబెల్ నిర్ణయము. యూరపు వస్త్రములు దిగి దేశపు నేఁతపని క్షీణించుటచే సామాన్యులు జీతమీయఁజాలక బిడ్డలను లేఁతవయసుననే పనికిఁ బెట్టిరి. మఱియు బాలురు పద్యములను వల్లించుటయే కాని యర్థ మెఱుఁగరనియు, కావ్యభాష వాడుకభాషకు దూరమగుటయే హేతువనియు నాతఁ డాక్షేపించెను. బడికి వచ్చినవారికిని జదువు పూర్తిగా నందలేదన్నమాట.

మన్రో 1826 మార్చి 10 వ తేదిని ప్రతి తహసీలునకు నొక ప్రభుత్వపాఠశాల నెలకొల్పవలెనని ప్రతిపాదించెను; మఱుసటి యేఁడే మృతినొందెను. 1830 లోఁ గంపెనీ డైరెక్టరులు పైతరగతులవారి విద్యయే ముఖ్యమని మద్రాసునకు వ్రాసిరి. 1836 లోఁ దహసీలుబడులు రద్దయినవి. 1841 లో మద్రాసున నున్నతపాఠశాల వెలసినది. కొందఱకుఁ జెప్పిన విద్య క్రమముగాఁ దక్కినవారికి దిగునని యాశించిరి. అది దిగలేదు. ప్రయత్నము మితిమీఱి కొందఱియందే నిలిచినదని 1854 నాఁటి వుడ్డుదొరగారి విద్యాపత్రమే యొప్పుకొన్నది. ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకుఁ గల ప్రతిబిడ్డకును జదువు హక్కను చట్టము 2010 ఏప్రిల్ 1 వ తేదికిఁ గాని యమలులోనికి రాలేదు.

వ్యాకరణమున నుత్సర్గ మనఁగా సామాన్యవిధి. అపవాద మనఁగా విశేషవిధి. విశేషము సామాన్యమును బాధించును గాని, సామాన్యము లేక తాను నిలువదు. అందఱకుఁ జెప్పుట యుత్సర్గము. మేధావికిఁ బ్రత్యేకముగాఁ జెప్పుట యపవాదము. 1836 లో నుత్సర్గమును ద్రోసివేసి యపవాదమునే శాస్త్రముగాఁ గైకొనిరి. వీథిబడి కడపటి బాలునిఁ గొట్టినను, వానికిఁ జెప్పుట కొక పెద్దబాలునైన నియమించెను. సర్కారుబడి మంచిచెడ్డలను నిర్ణయించుటకు సరస్వతి పేరు వ్రాసిన చేయి యొక్కటి చాలదు. కడపటివాని చేత నేమి వ్రాయఁబడినదో చూడవలెను.