పెద్దరికమును పోషణమును

వార్షిక సభలయందు వృద్ధులకు శాలువలు కప్పి, తొలి వరుసలో గూర్చుండబెట్టుట మనలో నెన్నటినుండియో వచ్చుచున్న యాచారము. ఇది మంచి యాచారమే. అయినను చదువరులారా, పెద్దరికమును మన్నించుట యొకటి, పెద్దవారిని పోషించుట వేరొకటి. ఈ రెండును మన చరిత్రలో నొక్క త్రోవనే నడచినవా యని విచారించుటకే యీ నాలుగు మాటలు.

చివ్వెంల మండలమున దురాజుపల్లి చెంత, హైదరాబాదు–విజయవాడ రహదారి ప్రక్కనే, పెద్దగట్టు కలదు. రెండేండ్ల కొకసారి మాఘమాసమున లింగమంతులస్వామికిని చౌడమ్మతల్లికిని మన గొల్లలు సలుపు జాతర, తెలంగాణమున మేడారము తరువాత నంతటి పెద్దదని ప్రతీతి. కేసారము గ్రామమునుండి దేవరపెట్టె తరలివచ్చినగాని గట్టుమీద వేడుక సాగదు. పెట్టెతో నెవ్వరు నడువవలెను, ఏ పూజ యెప్పుడు జరుగవలెను అను సంగతులు తరతరములుగా హక్కు గల యిండ్ల పెద్దలు చెప్పవలసినవి. ఆ యైదు దినములును వృద్ధుని మాటయే శాసనము. ఆరవ దినమున నింటికి మరలిన యా వృద్ధునకు అన్నము పెట్టువా రెవ్వరను ప్రశ్న మాత్రము గట్టుమీద నెవ్వరును వేయరు!

కాపరి వృత్తియందు వయస్సునకు విలువ గలుగుటకు కారణము లేకపోలేదు. ఏ నెలలో నే బీడున మేత నిలుచును, చిటుక రోగము తగిలిన జీవము నెట్లు గుర్తింపవలెను, కోత ముగిసిన చేలలో మంద కట్టి యెరువునకు బదులు రైతునొద్ద నెంత ధాన్యము మాటాడవలెను – ఇవి పుస్తకములలో నేర్చిన విద్యలు గావు. కాలు సాగని ముసలివాడును మందకు కన్నుగా నుండెను. కావున నాటి గౌరవమునకు మూలము కేవలము భక్తి కాదు. మంద యతని పేర నుండుటయు, తెలివి యతనియొద్ద నుండుటయు. జీవములను కొడుకులకు పంచియిచ్చిన మరునాడు ఆ తండ్రియే నెలకొక యింట వంతులవారీగా గంజి త్రాగవలసిన వాడయ్యెను. ఇది నేటి కలికాలపు వింత యని మన పెద్దలు నిట్టూర్చుచుందురు గాని, వంతుల యేర్పాటు నిన్న మొన్న పుట్టినది కాదు.

మంద తరుగుటకు బయటి కారణములును గలవు. నైజాము కాలమున దేశముఖులును అధికారులును వెట్టి పేర గొఱ్ఱెలను, గొంగళ్లను వెల యియ్యక కొనిపోయిరి. 1948 సెప్టెంబరులో నైజాము ప్రభుత్వము లోబడెను. 1949లో జాగీర్లు రద్దయ్యెను. పిదప 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపనయు, 1967లో కాలువలకు నీటి విడుదలయు జరిగెను. ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగరము, కోదాడల వైపు బీళ్లు వరిమళ్లయ్యెను. రైతునకు మేలు గలిగెను, కాదన రాదు. ముసలి కాపరి తెలివి యట్లే యుండెను, అది చెల్లెడి నేల మాత్రము పోయెను.

ఇక ప్రాచీనుల దానధర్మముల సంగతి. సూర్యాపేట చేరువనే పిల్లలమఱ్ఱియందు రేచెర్ల నామిరెడ్డి క్రీ.శ. 1202లో నామేశ్వరాలయమును, బేతిరెడ్డి భార్య యెరకసానమ్మ 1208లో నెరకేశ్వరాలయమును గట్టించిరి. కృష్ణకు దిగువ మల్కాపురమున 1261 నాటి రుద్రమదేవి కాలపు శాసనము ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను, జాతిభేదము లేక యన్నము పెట్టు సత్రమును పేర్కొనుచున్నది. ముసలితనము ఇంటివారి పని యని దాతలు తలచిరి గాబోలు. ఇంతకంటె చిత్రమైన దొకటి కలదు. దాక్షారామాది క్షేత్రముల శాసనములలో అఖండదీపమునకై గొఱ్ఱెలను, ఆవులను కాపరుల కప్పగించి, వారును వారి సంతతివారును ఆచంద్రార్కము నేయి పోయవలెనని వ్రాయించిరి. దీపమునకు శాశ్వతాధారము కల్పింపబడెను. దానిని వెలిగించు కాపరి వార్ధకమునకు అట్టి పత్రము వ్రాసినవారు లేరైరి.

ఆ పత్రమును కాలక్రమమున ప్రభుత్వములు వ్రాయ మొదలిడెను. జర్మనీ 1889లోను, ఇంగ్లండు 1908లోను డెబ్బదేండ్లవారికి పింఛను చట్టములు చేసినవి. మన దేశమున ఉత్తరప్రదేశము 1957లోను, ఆంధ్రప్రదేశము 1960లోను వృద్ధాప్య పింఛను నారంభించెను. 1995 ఆగస్టు 15న కేంద్రము 65 ఏండ్లు దాటిన నిరుపేదలకు నెలకు 75 రూపాయలు నిర్ణయించినది. అందొక నిబంధన గమనింపదగినది: స్వంత యాదాయమేగాక కుటుంబమువలనను తగిన యాధారము లేనివారే యర్హులు. కొడుకు పెట్టునను నమ్మకమే యిట చట్టమైనది! తెలంగాణమున 2014 నవంబరులో ఆసరా పింఛను 1,000 రూపాయలతో మొదలై 2019లో 2,016 రూపాయలయ్యెను. ఈ సొమ్మును చిన్నచూపు చూచువారితో నేనేకీభవింపను. చేత తన డబ్బు గల ముసలమ్మ వంతునకు బోయిన యింట చూపులు వేరుగా నుండును.

అయినను పింఛను పంపకముల తగవును తీర్చదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము దీనికై పుట్టినది. పోషింపని బిడ్డలపై తల్లిదండ్రులు రెవెన్యూ డివిజను స్థాయి ట్రిబ్యునలునకు అర్జీ పెట్టుకొనవచ్చును. నెలకు 10,000 రూపాయలవరకు పోషణము విధించుటకు ఆ చట్టమున వీలు గలదు. 23వ సెక్షను మరియు ముఖ్యము: తన్ను పోషింపవలెనను షరతుతో ఆస్తి నిచ్చినవాడు, ఆ షరతు చెల్లనిచో ఆ దానమును రద్దు చేయించుకొనవచ్చును. కావున పంపకమునాడు కూర్చుండు కులపెద్దలు దస్తావేజులో ఆ షరతు పడినదా లేదా యని చూడవలెను. మన తగవులలో దుడ్డెలను, పిల్లలను లెక్కించుటకు జాములు పట్టును. ఈ వాక్యమును వ్రాయించుటకు నిమిషము చాలును.

తల్లి పేర గుంట భూమియు లేనిచోట 23వ సెక్షను పనికిరాదు. అయినను పోషణపు అర్జీకి ఆస్తి యక్కరలేదు. నోటీసు అందిన 90 దినములలో నెలవారీ పోషణపు అర్జీని తేల్చవలెనని చట్టము. తగిన కారణమున్న మరి 30 దినములు. నడువలేని తల్లి తరపున, ఆమె యధికార మిచ్చినచో, రిజిస్టరైన స్వచ్ఛంద సంఘమును అర్జీ దాఖలు చేయవచ్చునని 5వ సెక్షనులో స్పష్టముగా నున్నది.