మట్టిపావురం

ట్రాప్ షూటింగ్ అన్న పేరులోని ‘ట్రాప్’ మొదట పావురాన్ని దాచిన పెట్టె. పద్దెనిమిదో శతాబ్దం చివర ఇంగ్లండులో, కాల్చేవాడు “పుల్” అని అరవగానే తాడు లాగేవారు. మూత తెరుచుకునేది, పక్షి ఎగిరేది. 1900లో పారిస్ ఒలింపిక్స్‌తో పాటు జరిగిన పోటీలో బెల్జియం దేశస్థుడు లియోన్ ద లుండెన్ 21 పావురాలను కూల్చి గెలిచాడు.

విచిత్రమేమంటే, అప్పటికే పావురం అవసరం తీరి ఇరవై ఏళ్ళయింది! అమెరికాలో మొదట గాజుబంతులు ఎగరేశారు. తర్వాత 1880లో సిన్సినాటి వాసి జార్జ్ లిగౌస్కీ మట్టిబిళ్ళకు పేటెంటు పొందాడు. చెరువులో పెంకు విసిరి కప్పగంతులు వేయించిన వారెవరికైనా ఆ బిళ్ళ ఎగిరే తీరు అర్థమవుతుంది. అయినా బ్రిటన్‌లో పెట్టెలోని పావురాలను కాల్చడాన్ని చట్టం నిషేధించేసరికి 1921 వచ్చింది.

వినోదం కోసం కాల్చేవాడెవడో, చంపడం కోసం కాల్చేవాడెవడో తేల్చిన గీటురాయి ఈ బిళ్ళేనని నా అభిప్రాయం. పగిలితే వండుకోవడానికి లేదు, గోడకు తగిలించుకోవడానికీ లేదు. మిగిలేది కాస్త పొడి. అయినా మళ్ళీ పాతిక బిళ్ళల వరుసకు సిద్ధపడేవాడే అసలైన ఔత్సాహికుడు. పాతికేళ్ళు లోక్‌సభలో కూర్చున్న బికనేర్ మహారాజు కర్ణీసింగ్ 1960 నుంచి 1980 లోపు ఐదు ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు. 1962లో కైరో ప్రపంచ పోటీల్లో రజతం వచ్చింది గానీ, ఒలింపిక్ పతకం ఒక్కటీ రాలేదు. ఐదోసారీ వెళ్ళాడు.

“పుల్” అన్న కేక మాత్రం నేటికీ పోలేదు. బిళ్ళను ఇప్పటికీ “బర్డ్” అనే పిలుస్తారు.