ట్రాక్ కింద దాచిన గ్యాలరీ

2002 ఆగస్టు 4న మాంచెస్టర్‌లో కామన్వెల్త్ క్రీడలు ముగిశాయి. ముగింపు వేడుకల సందడి అణగీ అణగకముందే కొత్తగా కట్టిన స్టేడియంలోకి యంత్రాలు దిగాయి. పరుగుల ట్రాక్‌ను ఎత్తేసి, కింది మట్టిని తవ్వడం మొదలుపెట్టాయి. అది కూల్చివేత కాదు. ముందే కట్టి, మట్టితో పూడ్చి ఉంచిన గ్యాలరీని బయటికి తీస్తున్నారు.

ఈ విడ్డూరానికి కారణం ట్రాక్ కొలతల్లో ఉంది. 400 మీటర్ల ట్రాక్ లోపల 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల ఫుట్‌బాల్ మైదానం ఇముడుతుంది. కాగితం మీద చూస్తే రెండు ఆటలకూ ఒకే చోటు చాలు. ఇబ్బందల్లా చూసేవాళ్లకే. ట్రాక్ అర్ధవృత్తంలా తిరిగే రెండు చివర్లలో గోల్‌పోస్టుకీ గ్యాలరీకీ నడుమ పెద్ద ఖాళీ మిగులుతుంది. అక్కడ కూర్చున్నవాళ్లకు ఆట దూరమైపోతుంది, వాళ్ల కేకలు ఆటగాళ్లను చేరేసరికి పలచబడతాయి. మ్యూనిక్‌లో 1972 నుంచి ఒలింపిక్ స్టేడియంలో ఆడిన బేయర్న్ క్లబ్, 2005లో ట్రాక్ లేని సొంత స్టేడియానికి మారిపోయింది.

మరి ట్రాక్ మీదే కుర్చీలు వేస్తే పోదా? పోదు. గ్యాలరీ కోనేటి మెట్ల లాంటిది. నీళ్లకు దగ్గర కావాలంటే మెట్టు మెట్టూ కిందికి దిగాలి. మొదటి వరుస అప్పటికే నేలకు ఆనుకుని ఉంటే, దాని ముందు వేసే వరుసలకు దిగే చోటు ఉండదు. ఒకే మట్టంలో కుర్చీలు వేస్తే ముందున్నవాడి తల వెనకవాడికి అడ్డం. వరుసలు ముందుకు జరగాలంటే మైదానమే కిందికి దిగాలి.

పారిస్ శివార్లలో 1998 ప్రపంచ కప్‌కు కట్టిన స్టాద్ ద ఫ్రాన్స్ ఇంజినీర్లు మరో దారి పట్టారు. 25,000 సీట్ల కింది గ్యాలరీని 15 మీటర్లు వెనక్కి జరిగేలా కట్టారు. అది జరిగితే ట్రాక్ బయటపడుతుంది. ఉపాయం బాగుంది. కానీ జరపాల్సిన ప్రతిసారీ శ్రమ, సమయం, సొమ్ము పెట్టాల్సిందే.

మాంచెస్టర్ పరిస్థితి వేరు. 2000 ఒలింపిక్స్ కోసం పోటీపడి సిడ్నీ చేతిలో ఓడిన నగరం అది. కామన్వెల్త్ క్రీడలు దక్కాక, అవి ముగిసిన మర్నాటి నుంచి స్టేడియాన్ని ఎవరు పోషిస్తారన్న ప్రశ్న ఎదురైంది. జవాబు మాంచెస్టర్ సిటీ క్లబ్. 1998-99లో ఆ క్లబ్ ఆడింది మూడో శ్రేణి లీగ్‌లో! అయినా నిలకడగా జనాన్ని రప్పించగలిగేది ఫుట్‌బాలే. అద్దెకు దిగేదెవరో తేలింది కాబట్టి, అరూప్ సంస్థ రూపకర్తలు ఫుట్‌బాల్ స్టేడియాన్నే మనసులో పెట్టుకుని, క్రీడల కోసం దానికి తాత్కాలిక రూపం ఇచ్చారు.

క్రీడల సమయంలో ఉత్తరం వైపు పైకప్పు లేని తాత్కాలిక స్టాండ్ నిలబెట్టారు. సీట్లు 38,000. క్రీడలయ్యాక ఆ స్టాండ్ తీసేసి శాశ్వతమైనది కట్టారు. మైదానాన్ని దాదాపు 6 మీటర్లు దించి, పూడ్చిన గ్యాలరీని వెలికితీశారు. సీట్లు 48,000కు చేరాయి. ఏడాది తిరిగేసరికి, 2003 ఆగస్టు 10న, సిటీ అక్కడ బార్సిలోనాతో స్నేహపూర్వక మ్యాచ్ ఆడి 2-1తో గెలిచింది. క్రీడల్లో సన్నాహాలకు వాడిన పక్క ట్రాక్ అథ్లెట్లకు మిగిలింది.

లండన్ కథ ఇందుకు తలకిందులు. 2012 ఒలింపిక్స్ స్టేడియంలో 80,000 సీట్లుండేవి. తర్వాత పై అంతస్తు విప్పేసి 25,000 సీట్ల అథ్లెటిక్స్ వేదికగా మిగల్చాలన్నది మొదటి ఆలోచన. వెస్ట్ హామ్ క్లబ్ వస్తుందని ఖరారైంది క్రీడలు ముగిశాక, 2013లో. దాంతో కొత్త పైకప్పు, ముందుకూ వెనక్కూ జరిగే సీట్లు కావలసి వచ్చాయి. మార్పులకే 32.3 కోట్ల పౌండ్లు. సీట్లను జరపడానికి ఏటా మళ్లీ ఖర్చు. ఇంతా చేసినా ఆట దూరంగానే ఉందని అభిమానుల గొణుగుడు ఆగలేదు.

అలాగని మాంచెస్టర్‌ది ఉచిత వరం కాదు. తవ్విన చోట ట్రాక్ మళ్లీ వేయడం కుదరదు. ట్రాక్‌ను వదులుకోలేదు కాబట్టే లండన్ స్టేడియం 2017లో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలకు వేదికైంది.

హైదరాబాద్ వాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. 2007 ప్రపంచ సైనిక క్రీడలు చూసిన గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలోనే 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ తన ప్రయాణం మొదలుపెట్టింది. అక్కడి అభిమాని ట్రాక్ అవతలి నుంచే గోల్ చూసేవాడు. కొత్త స్టేడియానికి గీత గీసేటప్పుడే రెండు ఆటల్లో ఏది శాశ్వతమో, ఏది అతిథో తేల్చుకోవాలి. ఆ మాట వాయిదా వేసినకొద్దీ ఖర్చు ఎలా పెరుగుతుందో లండన్ లెక్కలే చెబుతాయి.