సరకు ఎంత తెప్పించవలెను? – ఒక లెక్క చరిత్ర

పాఠశాల ప్రయోగశాలకు ఏడాదికి సరిపడు రసాయనములకు ఇండెంటు వ్రాయు ఉపాధ్యాయునకు ఒక చిక్కు ఎదురగును. తక్కువ వ్రాసినచో ప్రయోగముల మధ్యలో సరకు నిండుకొనును. ఎక్కువ వ్రాసినచో సొమ్ము బీరువాలో చిక్కుకొనును. కొన్ని రసాయనములు సీసా మూత తీయకుండగనే పాడగును. కిరాణా కొట్టునకును, పెద్ద కర్మాగారమునకును ఉన్న చిక్కు ఇదియే. దీనిని లెక్కకు లొంగదీయుటకు జరిగిన ప్రయత్నమునకు నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. నేడు ఈ లెక్కను కంప్యూటరు ప్రోగ్రాములు క్షణములో చేయుచున్నవి. అయినను అవసరమునకు మించిన సరకు గిడ్డంగులలో పేరుకొనుట ఆగలేదు. లెక్క సరియైనదే అయినచో తప్పు ఎక్కడ దొర్లుచున్నది?

హారిస్ సూత్రము

1913 ఫిబ్రవరిలో అమెరికాలోని 'ఫ్యాక్టరీ' అను పత్రికలో ఫోర్డ్ విట్మన్ హారిస్ అను ఇంజనీరు ఒక చిన్న వ్యాసము ప్రచురించెను. యంత్ర భాగములను ఒక్కొక్క విడతకు ఎన్ని చొప్పున తయారు చేయవలెనన్నదే అందలి ప్రశ్న. హారిస్ విశ్వవిద్యాలయములో చదివినవాడు కాడు, స్వయంకృషితో నేర్చుకొన్నవాడు. అతడు రెండు ఖర్చులను ఎదురెదురుగా నిలిపెను. విడత పెద్దదైనకొలది, నిలువలో చిక్కుకొన్న సొమ్ముపై వడ్డీ పెరుగును. విడత చిన్నదైనకొలది, మాటిమాటికి పని ప్రారంభించుటకు అగు ఖర్చు పెరుగును. ఈ రెంటికి మధ్య మొత్తము ఖర్చు అతి తక్కువగా ఉండు స్థానమొకటి తప్పక ఉండును. బయటినుండి కొను సరకునకు కూడ ఇదే న్యాయము వర్తించును.

ఒక ఉదాహరణము తీసికొనవచ్చును. ఒక కర్మాగారమునకు సంవత్సరమునకు 1200 బేరింగులు కావలెననుకొనుడు. ఎన్ని తెప్పించినను, ఆర్డరు ఒక్కింటికి అగు ఖర్చు 150 రూపాయలు. ఒక బేరింగును ఏడాది పొడవున నిలువ ఉంచుటకు 4 రూపాయలగును. సరకు వచ్చిన నాడు నిలువ నిండుగా ఉండి, క్రమముగా తరిగి సున్నకు వచ్చును గనుక, సగటు నిలువ ఆర్డరులో సగముండును. ఒకేసారి 1200 తెప్పించినచో ఆర్డరు ఖర్చు 150, నిలువ ఖర్చు 2400, మొత్తము 2550 రూపాయలు. వందేసి చొప్పున తెప్పించినచో 1800, 200 కలసి 2000 రూపాయలు. మూడువందల చొప్పున తెప్పించినచో 600, 600 కలసి 1200 రూపాయలు మాత్రమే.

ఈ 300 అను సంఖ్యను ఊహించి చెప్పనక్కరలేదు. ఏడాది వాడకమును ఆర్డరు ఖర్చుతో గుణించి, దానిని రెట్టింపు చేసి, వస్తువు ఒక్కింటి నిలువ ఖర్చుతో భాగించి, వర్గమూలము తీసినచో అదియే వచ్చును. వర్గమూలమున్నందున ఒక వింత ఫలితము కలుగుచున్నది. వాడకము నాలుగింతలై 4800 అయినను, ఒక్కొక్క ఆర్డరు రెండింతలై 600 అయిన చాలును. వాడకము పెరిగిన నిష్పత్తిలోనే ఆర్డరును పెంచువారు అక్కడనే అధికముగా కొనుచున్నారన్నమాట.

1934లో ఆర్. హెచ్. విల్సన్ ఈ లెక్కను వ్యాపార సంస్థలలో వాడుకకు తెచ్చు పద్ధతిని వివరించెను. చాలమంది దీనిని విల్సన్ సూత్రమనియే పిలిచిరి. హారిస్ మూల వ్యాసము దాదాపు మరుగున పడెను. 1990లో డొనాల్డ్ ఎర్లెన్‌కాటర్ ఆ చరిత్రను వెలికితీసి ప్రచురించెను.

ఎంత, ఎప్పుడు?

హారిస్ సూత్రము ఎంత తెప్పించవలెనో చెప్పును. ఎప్పుడు తెప్పించవలెనను ప్రశ్న వేరు. పై కర్మాగారము ఏడాదికి 50 వారములు పనిచేయునదైనచో వారమునకు 24 బేరింగులు కావలెను. సరకు చేరుటకు 2 వారములు పట్టినచో ఆ లోపల 48 ఖర్చగును. అనుకోని అవసరమునకు రక్షణ నిలువగా మరి 20 ఉంచినచో, నిలువ 68కి దిగినప్పుడు ఆర్డరు ఇవ్వవలెను.

ఇక్కడనే పెద్ద పొరపాటునకు తావున్నది. ఆర్డరు ఇచ్చిన తరువాత, సరకు చేరు రెండు వారములును గిడ్డంగిలో నిలువ 68కి తక్కువగానే ఉండును. దారిలో ఉన్న 300ను లెక్కలో చేర్చని గుమాస్తా, మరునాడు నిలువ చూచి మరల 300 కోరును. ఆ మరునాడును అంతే. కనుక 68తో పోల్చవలసినది కంటికి కనబడు సరకును మాత్రమే కాదు. ఇదివరకే కోరి ఇంకను చేరని సరకును కూడ కలిపి పోల్చవలెను.

ఈ మరపు ఒక్క గిడ్డంగితో ఆగదు. చిల్లర వర్తకుడు, టోకు వర్తకుడు, కర్మాగారము ఒకరి వెనుక ఒకరు గొలుసువలె ఉన్నప్పుడు, కొనుగోలుదారుల వాడకములోని చిన్న మార్పు వెనుకకు పోయినకొలది పెద్దదగును. అమెరికాలో జే ఫారెస్టర్ 1961లో ప్రచురించిన 'ఇండస్ట్రియల్ డైనమిక్స్' అను గ్రంథములో దీనిని వివరించెను. సరకు చేరుటలోని ఆలస్యమును, ప్రతివాడును వేసికొను జాగ్రత్త పాలును ఇందుకు కారణములు.

కంప్యూటరు వచ్చిన పిదప

1960 దశకములో జోసెఫ్ ఆర్లికీ మొదలగువారు ఈ పనిని కంప్యూటరుకు అప్పగించిరి. ఆర్లికీ గ్రంథము 1975లో వెలువడెను. ఒక ట్రాక్టరును ఎప్పుడు తయారు చేయవలెనో నిర్ణయించినచో, దానికి కావలసిన ప్రతి భాగమును ఎప్పుడు, ఎన్ని కోరవలెనో యంత్రము వెనుకకు లెక్కించును. కావలసిన మొత్తమునుండి చేతిలోనున్నదియు, రావలసియున్నదియు తీసివేయగా మిగిలినదే కోరవలసినది.

అయితే యంత్రమునకు అందించు అంకెలు మనుష్యులవే. సరకు రెండు వారములలో వచ్చుచుండగా, ఎందుకైనను మంచిదని ఆరు వారములని నమోదు చేసినచో, యంత్రము ఆరు వారముల సరకును ముందుగనే కోరును. నిజమైన అవసరము 100 అనుకొనుడు. అమ్మకముల అధికారి నూటికి 20 కలిపి 120 అనును. గిడ్డంగి అధికారి దానిపై మరి 20 వంతులు చేర్చి 144 చేయును. కొనుగోలు అధికారియు అట్లే చేసినచో దాదాపు 173 అగును. ముగ్గురును జాగ్రత్తపరులే. ఒక్క భయమునే మూడుమారులు లెక్కించిరి.

జపానులో టయోటా సంస్థకు చెందిన తాయిచి ఓనో వేరొక దారి పట్టెను. అతని పద్ధతిలో వాడిన సరకు స్థానములోనే మరల సరకు వచ్చును. అందుకు సంకేతముగా కాన్‌బాన్ అను చీటీ తిరుగుచుండును. ఉన్న చీటీలకు మించి సరకు పేరుకొనుటకు వీలులేదు.

2001లో జరిగిన ఒక సంఘటన ఈ చరిత్రలో గుర్తుంచుకొనదగినది. నెట్‌వర్కు పరికరములు తయారుచేయు సిస్కో సంస్థ తన కంప్యూటరు వ్యవస్థలకు పేరుపొందినది. సరకు దొరకదను భయముతో కొనుగోలుదారులు ఒకే అవసరమునకు ఒకటికి మించిన ఆర్డర్లు ఇచ్చియుండిరి. అవన్నియు నిజమైన గిరాకీగానే లెక్కకు వచ్చెను. ఆర్థికమాంద్యము రాగానే ఆ గిరాకీ కరిగిపోయెను. సంస్థ సుమారు 225 కోట్ల డాలర్ల సరకును నష్టముక్రింద వ్రాసివేయవలసివచ్చెను.

కనుక ఇటువంటి ప్రోగ్రామును అమర్చువారు మొదట చూడవలసినవి నాలుగు. సరకు చేరు వ్యవధి గత బిల్లులనుండి కొలిచినదేనా? రక్షణ నిలువ ఒక్కచోటనే చేర్చబడినదా? రావలసిన సరకు లెక్కలోనున్నదా? రద్దయిన ఆర్డర్లు తొలగింపబడినవా? పాఠశాలలో దీనికి కంప్యూటరు కూడ అక్కరలేదు. స్టాకు రిజిష్టరులో 'ఇదివరకే కోరినది' అను ఒక గడి గీసి, ఇండెంటు వ్రాయుటకు ముందు దానిని చదివినచో, బీరువాలో పాడైపోవు సీసాల సంఖ్య తగ్గును.