గన్‌ఫౌండ్రీ కళాశాల, రహీమ్ సాహెబు

నాంపల్లి స్టేషను దిగి ఆబిడ్సు దాటిన పిదప కానవచ్చు గన్‌ఫౌండ్రీలో, 1919లో అద్దె భవనములయందు బోధన నారంభించిన ఉస్మానియా కళాశాల ఉర్దూ మాధ్యమమున ఉన్నతవిద్య గరపినందులకు దేశమంతట ప్రఖ్యాతి గాంచెను గాని, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టున ఆడి పెరిగిన సయ్యద్ అబ్దుల్ రహీమును మనము తగినంత స్మరింపకున్నాము.

బడిపంతులుగా జీవనము గడపి, 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘ కార్యదర్శియై, 1950 మొదలు నగర పోలీసు జట్టునకు శిక్షణ నొసగి, వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలిపించిన ఆయన, అలవాటు లేని కాలితోనే బంతి నాడవలెనను నియమముతో పోటీలు జరిపించెననుట నాకెంతయు విస్మయకరము. ఎంతటి ఉపాధ్యాయుడు! 1962లో జకార్తాయందు దక్షిణ కొరియాను 2-1తో జయించి ఆసియా క్రీడల స్వర్ణపతకము నందిన భారత జట్టు ఆయన తీర్చినదే. మరుసటి జూన్‌లో రహీమ్ సాహెబు కన్నుమూసెను.