బోదకాలు – రోగి చేతిలోని వైద్యము

కృష్ణాతీరమున, కాలువల నడుమ నివసించు మనకు బోదకాలు క్రొత్త వ్యాధి కాదు. ప్రాచీన వైద్యగ్రంథములు దీనిని శ్లీపదమని పేర్కొన్నవి. పాతనీరు నిలిచి, అన్ని ఋతువులందును చల్లగానుండు దేశములలో నిది విశేషముగా పుట్టునని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. దోమ సంగతి తెలియకున్నను, నిలువనీటితో దీనికిగల సంబంధమును పూర్వులు కనిపెట్టిరి.

1877లో చీనాదేశపు అమాయ్ రేవునందు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు ఈ రోగపు పురుగుపిల్లలు దోమ శరీరమున పెరుగుటను చూచెను. అవి రాత్రివేళ రక్తమున సంచరించును. రక్తపరీక్షకు రాత్రియందు వచ్చుట యందులకే. 1947లో, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వమున, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలవారు దీనికి మందును వెలయించిరి. మన ప్రభుత్వము 1955లో ఫైలేరియా నివారణ పథకమును, 2004లో ఏటేట ఇంటింటికి మాత్రలు పంచు కార్యక్రమమును ఆరంభించెను.

ఆ మాత్రలు పురుగుపిల్లలను చంపి వ్యాధివ్యాప్తి నరికట్టును. కాని ఏండ్లుగా వాచిన కాలిని అవి పూర్వస్థితికి తేజాలవు. అట్టి రోగి గతి యేమి?

మా బాల్యమున మా వీధిలో నొక పెద్దాయన పంచె కాలిపై కప్పుకొని అరుగుమీద కూర్చుండెడివారు. పెండ్లికి పిలిచినను పోయెడివారు కారు. అమావాస్యకు, పున్నమికి జ్వరము తప్పదని నమ్మి, తిథులు లెక్కించుకొనెడివారు. వారి కాలివ్రేళ్ల సందులలోని పగుళ్లను ఎవరును పరికింపలేదు.

ఆ జ్వరమునకు కారణము తిథి కాదు. పగుళ్ల గుండ లోనికి ప్రవేశించు సూక్ష్మజీవులు. జ్వరము వచ్చినకొలది వాపు హెచ్చును. ప్రతిదినము కాలిని సబ్బుతో కడిగి, వ్రేళ్ల సందులను మెత్తని గుడ్డతో తడిలేకుండ అద్దవలెను. పుండ్లకు వైద్యుడు చెప్పిన లేపనము రాయవలెను. కూర్చున్నపుడు కాలిని ఎత్తుమీద నుంచి, చీలమండను ఆడింపవలెను. నడచునపుడు చెప్పులు తొడుగవలెను. ఇట్లు చేసినచో జ్వరములు తగ్గును. జ్వరము సోకినపుడు మాత్రము వైద్యుని చూడవలెను.

ఇది రోగి స్వయముగా చేసికొనదగిన చికిత్స. అయితే దినచిట్టాను ఏనాటికానాడు వ్రాయనిచో సంవత్సరాంతమున లెక్క కుదరదు, ఇదియు నట్టిదే.

ఈ నాలుగు మాటలు ఆ పెద్దాయనకు చదివి వినిపించువారు నాడు లేకపోయిరి. నేడు మనకు గ్రంథాలయమున్నది. చదువరులు తాము చదివినదానిని చదువరాని వారికి వినిపింతురుగాక! ఈ యూర నింకెవ్వరును తిథిని నిందించుచు కాలు దాచుకొనకుందురుగాక!